స్కైలాబ్ నుంచి ఫ్లోరైడ్ దాకా: నల్లగొండ, పాలమూరు పల్లెల్లో విజ్ఞానవార్తలపై హాస్యం, సంశయం

వ్యాససంగ్రహం:

1979 జూలైలో అమెరికా అంతరిక్షకేంద్రం స్కైలాబ్ భూమిపై కూలబోతున్నదన్న వార్త తెలంగాణ పల్లెల్లో భయాన్నీ నవ్వునూ ఒకేసారి పుట్టించింది. నాటి విందులు, పేర్లు, ముచ్చట్లు నేడు పల్లెటూరి అమాయకత్వానికి ఉదాహరణలుగా చెలామణి అవుతున్నాయి. ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని పునఃపరిశీలిస్తుంది. అదే కాలంలో నల్లగొండ భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ గురించి శాస్త్రజ్ఞులు చెప్పిన మాటకు అంతటి ప్రచారం ఎందుకు దక్కలేదన్న ప్రశ్నను దాని పక్కన నిలుపుతుంది. ఈ ప్రాంత ప్రజల హాస్యాన్ని, సంశయాన్ని సాంఘిక చరిత్రకు ఆకరాలుగా చదవడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: స్కైలాబ్, మౌఖిక స్మృతి, పిట్టలదొర, ఫ్లోరోసిస్, నల్లగొండ పద్ధతి, పాలమూరు, సాంఘిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించారు. రాజుల యుద్ధాలు, వంశావళులు మాత్రమే చరిత్ర కాదనీ, జనం తిన్న తిండి, ఆడిన ఆట, వాడిన మాట కూడా చరిత్రేననీ ఆ గ్రంథం నిరూపించింది. కావ్యాల్లోని వర్ణనలను, సామెతలను, చాటువులను ఆయన సాక్ష్యాలుగా స్వీకరించారు. ఆ మార్గంలో నడిస్తే జనం నవ్విన నవ్వు కూడా చరిత్రకారునికి ఆకరమే అవుతుంది.

తెలంగాణలో శాస్త్రసాంకేతిక చరిత్రను సాధారణంగా ఆనకట్టలు, పరిశోధనాలయాలు, విశ్వవిద్యాలయాల చరిత్రగా రాస్తున్నాం. ఆ విజ్ఞానం వార్తగా మారి పల్లెకు చేరినప్పుడు పల్లె ఏమన్నదో రాయడం తక్కువ. ఈ వ్యాసంలో రెండు రకాల ఆధారాలు ఉన్నాయి. ఒకటి, శాస్త్రజ్ఞులు, ప్రభుత్వసంస్థలు నమోదు చేసిన విషయాలు. రెండు, జనం నోట నిలిచిన ముచ్చట్లు. రెండో రకం ఆధారం ఫలానా ఊళ్లో ఫలానా రోజున ఇది జరిగిందని రుజువు చేయదు. జరిగినదాన్ని జనం ఎట్లా గుర్తుపెట్టుకోదలచారో మాత్రం అది నమ్మకంగా చెబుతుంది.

2. నవ్వు వెనుక సంప్రదాయం:

తెలంగాణ పల్లెల్లో కొత్త వస్తువును ముందుగా మాటతో మచ్చిక చేసుకోవడం అలవాటు. ఆకాశంలో ఎగిరేది గాలిమోటరు అయింది, రైలు పొగబండి అయింది. అర్థం కాని యంత్రాన్ని అర్థమయ్యే రెండు మాటలుగా విడగొట్టి తిరిగి కలపడమే ఈ పేర్లలోని పద్ధతి.

భయంకరమైనదాన్ని వాడుకమాటగా మార్చుకోవడం మరొక అలవాటు. కలరాను ఇక్కడ గత్తర అనేవారు. ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేయించిన ఆ మాట నేడు సందడికి, హంగామాకు పర్యాయపదంగా యువకుల నోట వినిపిస్తున్నది. రోగం పోయింది, మాట మిగిలింది. ఆ మాటలోని భయం నవ్వుగా మారింది.

మూడోది పిట్టలదొర సంప్రదాయం. చిరిగిన ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీతో ఊళ్లోకి వచ్చే ఈ కళాకారుణ్ణి తుపాకి రాముడు అని కూడా అంటారు. అతడు తనకు లేని భూములను, బంగళాలను, వాహనాలను ఏకరువు పెడతాడు. అబద్ధమని అందరికీ తెలుసు. అధికారి మాటతీరును అనుకరిస్తూ, అది పగిలిపోయేంత వరకు పెంచి చూపడమే అతని కళ. పెద్ద మాటను విన్నప్పుడు ‘ఇది తుపాకి రాముని ముచ్చట కాదు గదా’ అని తూచి చూసే బుద్ధిని ఈ కళ పల్లెకు నేర్పింది. ‘చెప్పేవాడికి వినేవాడు లోకువ’ అన్న సామెతలోనూ ఇదే హెచ్చరిక ఉంది.

వీటికి తోడు పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం ఉన్నది. ఏ వింత కనబడినా ‘బ్రహ్మంగారు అప్పుడే చెప్పిండు’ అనడం తెలుగునాట సర్వసాధారణం. ఈ మాటను కొందరు విశ్వాసంతో అంటారు, కొందరు చమత్కారంగా అంటారు. రెండు విధాలుగానూ అది కొత్త వార్తను పాత జ్ఞానం పక్కన కూర్చోబెడుతుంది.

3. స్కైలాబ్ వార్త:

స్కైలాబ్‌ను నాసా 1973 మే 14న ప్రయోగించింది. దాని బరువు సుమారు 77 టన్నులు. మూడు వ్యోమగామి బృందాలు అందులో నివసించాయి. చివరి బృందం 1974 ఫిబ్రవరిలో తిరిగివచ్చింది. తర్వాత అది ఖాళీగా భూమి చుట్టూ తిరిగింది. సూర్యునిలో క్రియాశీలత అంచనాలను మించడంతో భూమి పైపొర వాతావరణం వేడెక్కి వ్యాకోచించింది. ఆ రాపిడికి స్కైలాబ్ వేగంగా కిందికి జారసాగింది. దాన్ని పైకి నెట్టగలదనుకున్న స్పేస్ షటిల్ సకాలంలో సిద్ధం కాలేదు.

శకలాలు ఎక్కడ పడతాయో ముందుగా ఎవరూ చెప్పలేకపోయారు. దాని కక్ష్య భూమధ్యరేఖకు ఉత్తర దక్షిణాల 50 డిగ్రీల దాకా విస్తరించి ఉంది. ఆ పట్టీలో మానవజాతిలో అత్యధికులు నివసిస్తారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలూ అందులోనివే. శకలం ఎవరో ఒక మనిషికి తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసా లెక్క కట్టింది. ఫలానా ఒక వ్యక్తికే తగిలే అవకాశం సుమారు 60,000 కోట్లలో ఒకటి. రెండు అంకెలూ నిజమే. కాని రేడియో ముందు కూర్చున్న రైతుకు చేరినది అంకె కాదు, ‘ఎక్కడైనా పడవచ్చు’ అన్న మాట.

అమెరికా అంతరిక్ష విజ్ఞానం ఈ రాష్ట్రానికి చేరడం అది మొదటిసారి కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు నాసా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు బోధనాత్మక టెలివిజన్ ప్రసారాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏడాది ముగియగానే ఆ ఉపగ్రహం సాయం ఆగిపోయింది. ఆకాశం నుంచి వచ్చేది ఎవరి చేతిలో ఉంటుందో, ఎప్పుడు పోతుందో పల్లె నిర్ణయించేది కాదని ఆ ప్రయోగమే చూపింది.

4. విందు, నామకరణం:

స్కైలాబ్ పడుతుందన్న రోజుల గురించి తెలంగాణలో చెప్పుకునే ముచ్చట్లు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ఎట్లాగూ చచ్చేదే గదా అని పెంచుకున్న మేకలను, కోళ్లను కోసుకున్నారు. కల్లు కుండలు ఖాళీ అయ్యాయి. దాచుకున్న పైసలు ఖర్చయ్యాయి. తెల్లవారి చూస్తే ఆకాశం ఆకాశంలాగే ఉంది, కొట్టంలో మేక మాత్రం లేదు. కరీంనగర్ ప్రాంతపు బండలింగంపల్లి నేపథ్యంగా 2021లో వచ్చిన ‘స్కైలాబ్’ చలనచిత్రం ఈ స్మృతికి తెరరూపం.

ఈ ముచ్చట్లను మూఢత్వానికి నిదర్శనంగా చూసేవారు ఆ రోజుల్లో మిగతా ప్రపంచం ఏం చేసిందో గమనించాలి. అమెరికాలో స్కైలాబ్ పేరిట విందులు జరిగాయి. గురిచుక్క ముద్రించిన చొక్కాలు అమ్ముడయ్యాయి. మొదటి శకలం తెచ్చినవారికి ఒక శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక 10,000 డాలర్ల బహుమతి ప్రకటించింది. జూలై 11న, మన కాలమానం ప్రకారం రాత్రి పది దాటిన తర్వాత, శకలాలు హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్ పరిసరాల్లోనూ రాలాయి. ఎవరికీ హాని జరగలేదు. తమ ప్రాంతంలో చెత్త వేసినందుకు ఎస్పరెన్స్ స్థానిక పాలకమండలి నాసాకు 400 డాలర్ల జరిమానా విధించింది. 2009లో ఒక అమెరికన్ రేడియో వ్యాఖ్యాత చొరవతో ఆ సొమ్ము చెల్లింది.

అమెరికన్ చేసుకున్నది వేడుక, ఎస్పరెన్స్ వేసినది చమత్కారమైన జరిమానా అయినప్పుడు, తెలంగాణ రైతు మేకను కోసుకోవడం ఒక్కటే అజ్ఞానం ఎట్లా అవుతుంది? తేడా చేతలో లేదు, చెప్పేవారి చూపులో ఉంది. నిజానికి తెలంగాణ విందులో మరొక లెక్క కూడా ఉంది. మేక పేదవాని బ్యాంకు. ఆపదకు, పెండ్లికి, అప్పుకు దాచుకున్న ధనం అది. రేపన్నది లేదంటే దాచడానికి అర్థం లేదు. ‘రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవనేల’ అన్న సామెత పలికే ధైర్యం ఇదే. తెల్లవారి తమను చూసి తామే నవ్వుకోవడంలో ఆ ధైర్యానికి చెల్లించిన మూల్యం కూడా కనిపిస్తుంది. అమెరికన్‌కు చొక్కా ఖర్చు, ఇతనికి మేక ఖర్చు.

నామకరణం ఇంకా లోతైన విషయం. స్కైలాబ్ అన్న పేరు గలవారు నేటికీ తెలంగాణలో ఉన్నారు. పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాతి బిడ్డకు పెంటయ్య, పుల్లయ్య అని పేరు పెట్టడం తెలుగువారి పాత ఆచారం. పనికిమాలిన పేరు పెడితే మృత్యువు కన్నెత్తి చూడదని నమ్మకం. మీద పడుతుందనుకున్నదాని పేరునే బిడ్డకు పెట్టడంలో ఆ ఆచారపు ఛాయ కనిపిస్తుంది. భయాన్ని ఇంట్లోకి పిలిచి, ఒళ్లో కూర్చోబెట్టుకొని, ముద్దుపేరుగా మార్చుకున్నారు.

5. బావిలోని వార్త:

స్కైలాబ్ శకలం తెలంగాణలో ఒక్క ప్రాణినీ తాకలేదు. అదే కాలంలో నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చౌటుప్పల్ ప్రాంతాల్లో వేరొక ఆపద వేల మంది ఎముకల్లో చేరుతూ ఉన్నది. అది తాగునీటిలోని ఫ్లోరైడ్.

ఈ విషయం శాస్త్రానికి కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే వివరించారు. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై సిద్దిఖీ రాసిన పరిశోధనపత్రం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. ఫ్లోరోసిస్ పీడిత ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయే వైకల్యాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో లాన్సెట్ పత్రికలో వర్ణించారు. అది స్కైలాబ్ ఎగిరిన సంవత్సరమే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఈ పల్లెల బావుల్లో, చేతిపంపుల్లో అది ఎన్నో రెట్లు ఉండేది. పళ్లపై గార, వంగిన నడుము, కదలని మెడ ఊరి రూపంలో భాగమైపోయాయి.

60,000 కోట్లలో ఒక వంతు ప్రమాదం దేశదేశాల వార్త అయింది. రోజూ తాగే నీటిలోని ప్రమాదం లండన్ వైద్యపత్రికలో అచ్చయింది, కాని ఆ స్థాయి వార్త కాలేదు. ఆకాశానికి తేదీ ఉంది, బావికి తేదీ లేదు. పత్రికకు తేదీ ఉన్న ఆపద కావాలి. ఈ ప్రాంతప్రజల సంశయానికి మూలం ఈ అసమానతలో ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పరిష్కారం కూడా వార్తగానే వచ్చింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని రూపొందించింది. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు. టాంజానియా, ఇథియోపియా వంటి దేశాల్లోనూ దాన్ని ప్రయోగించారు. శాస్త్రం తప్పు కాదు. కాని నీటి గుణాన్ని బట్టి పటిక మోతాదు మారాలి, రోజూ కలపాలి, తేర్చాలి, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. కూలికి పోయే ఇంట్లో ఈ పని ఎవరి నెత్తిన పడుతుందో చెప్పనక్కరలేదు. ఊరిపేరు ఖండాలు దాటింది, మంచినీళ్లు ఊరి పొలిమేర దాటి లోపలికి రాలేదు. జిల్లా సరిహద్దులోనే నాగార్జునసాగర్ నిండుగా ఉండటం ఈ వ్యంగ్యాన్ని మరింత పదునుచేసింది.

పాలమూరుది మరో రకం అనుభవం. దేశంలోని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినవారు ‘పాలమూరు లేబర్’. సాంకేతికత వీరికి వార్త కాదు, నెత్తిమీది తట్ట. తాము కట్టిన ప్రాజెక్టు నీళ్లు తమ ఊరికి రావని అనుభవంతో తెలిసినవారు కొత్త పథకం కబురు విని చిరునవ్వు నవ్వితే, అది విజ్ఞానద్వేషం కాదు.

6. 480 పేర్ల బ్యాలెట్:

ఈ సంశయం 1996లో బహిరంగ వ్యంగ్యంగా రూపుదాల్చింది. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుమేరకు నీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికి వందలమంది నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకం రూపం ధరించింది. సి.పి.ఐ. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు.

దీన్ని పిట్టలదొర కళకు రాజకీయరూపంగా చదవవచ్చు. వ్యవస్థ నియమాన్ని ధిక్కరించలేదు, తు.చ. తప్పకుండా పాటించి దాన్ని పగిలేంత పెంచి చూపారు. వైద్యపత్రికల్లోని వ్యాసాలు చేయలేని పనిని ఒక లావుపాటి బ్యాలెట్ చేసింది. బావికి ఒక తేదీ దొరికింది. అదే ఏడాది చట్టసవరణ ద్వారా లోక్‌సభ అభ్యర్థి ధరావతు 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. నీళ్ల కంటే ముందు నియమం మారింది. ఇంటింటికీ నదీజలాలు అందించే పథకానికి 2015లో చౌటుప్పల్ వద్ద పైలాన్ వెలిసేసరికి ఒక తరం గడిచిపోయింది.

7. నవ్వు నుంచి ప్రశ్నకు:

2003లో నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల ప్రతిపాదనపై బహిరంగ విచారణ జరిగినప్పుడు, 2019లో నల్లమలలోని అమ్రాబాద్ ప్రాంతంలో యురేనియం అన్వేషణ వార్త వచ్చినప్పుడు ఈ సంశయం ప్రశ్నగా మారింది. నీళ్లు ఏమవుతాయి, చెంచులు ఎక్కడికి పోతారు అని జనం అడిగారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. స్కైలాబ్ నాటి శ్రోత వార్తను విని విందు చేసుకున్నాడు. నలభై ఏళ్ల తర్వాతి శ్రోత వార్త చెప్పినవారిని నిలబెట్టి అడిగాడు.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలే అంశాలివి. స్కైలాబ్ ముచ్చట్లలోని నవ్వు అజ్ఞానానికి గుర్తు కాదు. సరిచూసుకునే వీలులేని వార్తను ఎదుర్కొనడానికి పల్లె వాడుకున్న పాత సాధనం అది. ఆ సాధనానికి పిట్టలదొర, సామెత, నామకరణాచారం వంటి సాంస్కృతిక మూలాలున్నాయి. ఈ ప్రాంతపు సంశయం విజ్ఞానాన్ని నిరాకరించలేదు, విజ్ఞానఫలం తమ దాకా రాకపోవడాన్ని ప్రశ్నించింది.

అయితే ఈ నవ్వును అతిగా కీర్తించడమూ పొరపాటే. సంశయం అలవాటైతే నిజమైన హెచ్చరిక కూడా తుపాకి రాముని ముచ్చటగా వినబడే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదానికి బాధ్యత వినేవారిది మాత్రమే కాదు. ఆకాశం గురించి అంత గట్టిగా చెప్పి, బావి గురించి అంత మెల్లగా చెప్పినవారిది కూడా. 1979 నాటి తరం వృద్ధాప్యంలో ఉంది. స్కైలాబ్ రాత్రి ఏం తిన్నారని వారిని అడిగి నవ్వుకునే పరిశోధకుడు, ఆ రాత్రి ఏ బావి నీళ్లు తాగారని కూడా అడిగి నమోదు చేసుకోవలసిన అవసరం ఉంది.