అతిమధురం

నూజివీడు చిన్నరసం జుర్రుకున్న నోటితో ఇంకోదాన్ని ‘అతిమధురం’ అనడానికి మనసొప్పదు. కానీ తెలుగు ఆ పేరును పండుకు కాదు, ఓ వేరుకు పెట్టింది. సంస్కృతంలో అది యష్టిమధువు, తీపి పుల్ల. గ్రీకు పేరుకూ ‘తీపి వేరు’ అనే అర్థం. పేరు సార్థకమే: అందులోని గ్లైసిరైజిన్ పంచదార కంటే 30 నుంచి 50 రెట్లు తీపి. మనకిది దగ్గు మందు. బందరులో వలందపాలెం అనే పేరు మిగిల్చి వెళ్లిన డచ్చివారికి మిఠాయి. వాళ్ల నల్లటి ఉప్పు ‘డ్రాప్’ బిళ్ల చప్పరిస్తే ముందు ఉప్పదనం, వెంటనే ముక్కుకెక్కే నవాసారం ఘాటు, ఆ తర్వాత నాలుకను ఎంతకీ వదలని తీపి. రసానికి సాటి రాదు గానీ ఒకసారి రుచి చూడదగ్గదే. బీపీ ఉన్నవాళ్లు మాత్రం దాని జోలికి పోకండి, ఈ వేరు రక్తపోటును పెంచుతుంది.