పురుగుల లెక్క – సగటు దాచిన సంగతి

1947లో నార్మన్ స్టోల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రపంచ ప్రజల కడుపుల్లోని పురుగులకు లెక్క కట్టాడు. నాటి జనాభా సుమారు 220 కోట్లు. అందులో ఏలికపాములున్నవారే 64.4 కోట్లని అతని అంచనా. ఆ అంకెను చాలామంది ఉదహరిస్తారు. కాని నన్ను ఎక్కువగా ఆకర్షించింది ఆ తరువాతి కథ. ఎందరికి పురుగులున్నాయన్నది ఒక ప్రశ్న. ఒక్కొక్కరిలో ఎన్ని ఉన్నాయన్నది వేరే ప్రశ్న.

సూక్ష్మక్రిములు ఒంట్లో చేరాక ఒకటి వేయిగా పెరుగుతాయి. ఏలికపాము అలా కాదు. ఆడపురుగు రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెట్టగలదు గాని, అవి మలంతో బయటపడి, మట్టిలో కొన్నాళ్ళు పక్వమై, మళ్ళీ ఎవరి నోటికో చేరాలి. అంటే కడుపులోని ప్రతి పురుగూ విడిగా లోపలికి వచ్చినదే. కనుక పురుగుల సంఖ్యే రోగి కష్టానికి కొలత.

నూరుగురున్న ఊరిలో తలకు సగటున పది పురుగులనుకుందాం. అవి కేవలం యాదృచ్ఛికంగా పంచబడితే, ఒక్క పురుగూ లేనివాడు గాని, ముప్పై దాటినవాడు గాని దాదాపు కనిపించడు. వాస్తవంలో చాలామందికి కొద్దిపాటి పురుగులే ఉంటాయి. అధికభాగం కొద్దిమంది కడుపుల్లోనే చేరుతుంది. ఈ అసమానతను వర్ణించే సూత్రం ఋణ ద్విపద విభాజనం. దానిని 1920లో గ్రీన్‌వుడ్, యూల్ అనేవారు ఆయుధ కర్మాగారాల్లోని స్త్రీలకు జరిగిన ప్రమాదాల విషయంలో వాడారు. అక్కడా ప్రమాదాలు కొందరినే పదేపదే వరించాయి. 1971లో క్రాఫ్టన్ దానిని పరాన్నజీవుల సిద్ధాంతానికి పునాదిగా నిలిపాడు. ఆ పునాదిపై 1978 నుండి రాయ్ ఆండర్సన్, రాబర్ట్ మే గణిత నమూనాలు కట్టారు.

ఈ సూత్రంలో 'కే' అనే సంఖ్య అసమానతను కొలుస్తుంది. అది చిన్నదైనకొద్దీ అసమానత ఎక్కువ. 'కే' విలువ అర అనుకుంటే, మన ఊరిలో సుమారు 78 మందికి పురుగులుంటాయి. మందు వేసి సగటును పది నుండి రెండుకు దించామనుకోండి. 'కే' మారకపోతే ఇంకా 55 మందికి పురుగులుంటాయి. భారం ఐదోవంతుకు తగ్గినా, రోగుల సంఖ్య మాత్రమే చూసే అధికారికి మందు పెద్దగా పనిచేయలేదనిపిస్తుంది.

ఈ లెక్కలకు ఆధారమైన ఊళ్ళలో ఒకటి మనకు దగ్గరిదే. తెలుగు, తమిళ నేలలు పంచుకునే పులికాట్ సరస్సు దగ్గర, తమిళనాడు వైపున్న ఒక జాలరి పల్లెలో 1980లలో ఎల్కిన్స్, హాస్వెల్-ఎల్కిన్స్, ఆండర్సన్ పరిశోధించారు. జనానికి మందిచ్చి, మలంలో పడిన పురుగులను లెక్కించారు. కొన్ని నెలల తరువాత మళ్ళీ మందిచ్చి మళ్ళీ లెక్కించారు. మొదటిసారి ఎక్కువ పురుగులున్నవారికే రెండోసారీ ఎక్కువ చేరే మొగ్గు కనిపించింది. కారణం శరీర తత్వమా, ఇల్లా, అలవాటా, వాకిట్లోని మట్టా అన్నది ఈ అంకెలు ఒంటరిగా తేల్చలేవు. తేల్చకముందే ఆ కుటుంబాలను నిందించడం అన్యాయమని నా అభిప్రాయం.

అయితే భారమెక్కువైన వారికే మందిస్తే సరిపోదా? వారిని గుర్తించాలంటే ఊరందరి మలాన్నీ పరీక్షించాలి. ఆ ఖర్చు మాత్ర వెలను మించిపోతుంది. అందుకే 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ముప్పు ఉన్న ప్రాంతాల బడిపిల్లలకు క్రమం తప్పక మందివ్వాలని తీర్మానించింది. మన దేశంలో 2015లో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం మొదలై, పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు ఇవ్వసాగారు.

మాత్ర కడుపును శుభ్రపరుస్తుంది, మట్టిని కాదు. మరుగుదొడ్డి, మంచినీరు లేని చోట పురుగులు తిరిగి వస్తాయి. అవి మళ్ళీ అందరికంటె ఎక్కువగా చేరేది ఆ కొద్దిమంది పిల్లల కడుపుల్లోకే. ఊరి సగటు తగ్గిందని సంతోషించేటప్పుడు ఆ పిల్లల లెక్క విడిగా అడగడం మరువరాదు.