బాణం ఆనేచోటు

అమరకోశం క్షత్రియవర్గంలో వింటికి సంబంధించిన మాటలు వరుసగా కనిపిస్తాయి. వింటికొన కోటి, అటని. పిడికిలి బిగించే నడిమిభాగం లస్తకం. అల్లెత్రాడు మౌర్వి, జ్య, శింజిని. త్రాటిదెబ్బ తగలకుండా కట్టుకునే తోలుపట్టె గోధ, తలం. అమ్ములపొదికీ, గురికీ, విలుకాడు నిలబడే తీరులకూ పేర్లున్నాయి. సంధించిన బాణం వింటిదగ్గర ఆనేచోటుకు మాత్రం ఆ వరుసలో పేరు లేదు. కారణం ఊహించడం కష్టం కాదు. అది వింటిలో భాగం కాదు, విలుకాని చెయ్యి.

పెద్దతిప్పసముద్రం, మదనపల్లె ప్రాంతం 9వ శతాబ్దంలో వైదుంబులు, బాణులు, నొళంబులు పోరాడుకున్న సీమ. అటువంటి పోరాటాలలో పడినవారికి నిలిపిన వీరగల్లులు రాయలసీమలో నేటికీ ఉన్నాయి. వాటిలో కత్తిపట్టినవారితోపాటు విల్లుపట్టిన వీరులూ కనిపిస్తారు. రాతిలో విల్లు ఉంది, బాణం ఉంది, బిగిసిన పిడికిలి ఉంది. బాణానికి పీట ఆ పిడికిలే.

ఆ పీట ఎక్కడన్నది నారి లాగే పద్ధతినిబట్టి మారుతుంది. కుడిచేతివాటం గలవాడు బొటనవ్రేలితో నారి లాగితే బాణం వింటికి కుడివైపున, ఎడమచేతి బొటనవ్రేలిమీద ఆనుతుంది. మూడువ్రేళ్ళతో లాగితే ఎడమవైపున, చూపుడువ్రేలి కణుపుమీద ఆనుతుంది. ఏకలవ్యుని కథలో గురుదక్షిణగా తెగిపడినది కుడి బొటనవ్రేలు. బాణాన్ని మోసిన ఎడమచేతిని కథ కూడా పట్టించుకోలేదు.

చేతినుంచి ఆ పనిని వింటికి అప్పగించవలసిన అవసరం ఎందుకు వచ్చింది? నారిని వ్రేళ్ళతో వదిలినప్పుడు అది తిన్నగా ముందుకు పోదు; వ్రేళ్ళనుంచి జారుతూ కొద్దిగా ప్రక్కకు తొలగుతుంది. ఆ త్రోపుకు బాణం ఒకప్రక్కకు వంగి, మళ్ళీ రెండవప్రక్కకు వంగి, చేపలా ఊగుతూ వింటిని ఒరుసుకోకుండా దాటిపోతుంది. 1930ల దశకంలో అమెరికా భౌతికశాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ తీసిన అతివేగ ఛాయాచిత్రాలు ఈ ఊపును కంటికి చూపించాయి. ప్రతి బాణమూ ఒకే తీరున ఊగితేనే అన్నీ ఒకేచోట గుచ్చుకుంటాయి. వ్రేలికణుపు ప్రతిసారీ ఒకేచోట, ఒకే మెత్తదనంతో ఉండదు కదా.

ఆ లోటు తీర్చినవి రెండు చిన్న వస్తువులు. ఆరో రెస్ట్ బాణాన్ని క్రిందినుంచి మోసే సన్నని తీగకొక్కెం. ప్రెషర్ బటన్ వింటిపిడిలోని రంధ్రంలో బిగించే చిన్న గొట్టం. లోపలి స్ప్రింగు బాణం ప్రక్కత్రోపును అందుకుంటుంది. అమెరికా విలుకాడు విక్ బెర్గర్ పేరుమీద దీనిని బెర్గర్ బటన్ అనికూడా అంటారు. 52 ఏళ్ళ విరామం తరువాత 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లోకి విలువిద్య తిరిగివచ్చింది. ఆపై పోటీల రికర్వ్ వింటికి ఈ బటన్ విడదీయరానిదైంది.

అమర్చేతీరు చూద్దాం. బాణం మధ్యభాగం బటన్ మొనకు సరిగా తగిలేంత ఎత్తున రెస్ట్ ఉండాలి. తీగ బాణాన్ని దాటి బయటికి పొడుచుకురాకూడదు. వెనుకనుంచి చూస్తూ నారిని వింటి నడిమిరేఖతో కలిపినప్పుడు, కుడిచేతివాటం వారికి బాణపుమొన నారికి కొంచెం ఎడమగా కనిపించాలి. ఆ తరువాతే స్ప్రింగు సంగతి. ఈకలున్న బాణాలతోపాటు ఈకలు లేనివీ వేసిచూస్తారు. ఈకలు లేనిది ఎడమకు పడితే బాణం బిరుసైనట్లు, స్ప్రింగు వదులు చెయ్యాలి. కుడికి పడితే మెత్తనైనట్లు, బిగించాలి. సర్దుబాటుకు లొంగనంత తేడా ఉంటే బాణాన్నే మార్చాలి. నేర్చుకునేవారికి తొలిరోజుల్లో అంటించే ప్లాస్టిక్ రెస్ట్ చాలు.

హోలెస్ ఆలెన్‌కు 1969లో పేటెంటు లభించిన కాంపౌండ్ విల్లు దారి వేరు. అక్కడ నారిని వ్రేళ్ళు కాక రిలీజ్ అనే పరికరం వదులుతుంది. ప్రక్కత్రోపు దాదాపు లేదు. బాణం ముఖ్యంగా పైకీ క్రిందికీ వంగుతుంది. అందుకే బటన్ అక్కరలేక, బాణాన్ని క్రిందినుంచి మోసే పలుచని ఉక్కురేకు, లేదా బాణం కదలగానే క్రిందికి వాలిపోయే రెస్ట్ వాడతారు.

ఈ రెండు శాఖలూ మన విజయవాడలో కలిశాయి. 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు పోటీలో అంకితా భకత్‌తో కలిసి నాలుగవస్థానం పొందిన బొమ్మదేవర ధీరజ్‌ది రికర్వ్. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్.

చేతిలోని ఒడుపు చేతితోనే పోతుంది. గురువు చూపకపోతే శిష్యునికి అందదు. మరమీది అంకెను కాగితంమీద వ్రాసుకోవచ్చు, మరొకరికి చెప్పవచ్చు, విల్లు మారినా తిరిగి అక్కడికే చేరవచ్చు. విద్యను దాచుకునే వీలు అంతమేరకు తగ్గింది. దానికి బదులు ఖరీదు వచ్చి అడ్డుగా నిలిచింది. వెదురువింటితో మొదలుపెట్టిన పల్లెబిడ్డకు నేడు కావలసినది గురువుగారి అనుగ్రహం ఒక్కటే కాదు, బొటనవ్రేలంత బటన్ కూడా. ఆ వ్రేలంత వస్తువును అందించడం మన చేతిలోని పని.