తిరిగినవాళ్ల చరిత్ర: మంగోలులు, మనవాళ్లు

మా హాస్టల్లో ఒక రాత్రి స్టడీ అవర్లో ఇంటర్ చదివే అమ్మాయి చరిత్ర పుస్తకం పట్టుకుని మా గదికి వచ్చింది. "మేడమ్, మంగోలులకీ ఊరు లేదు, పొలం లేదు. పశువుల వెంట తిరిగారు. వాళ్లని చక్రవర్తులన్నారు. మా తాతలూ అట్లనే తిరిగినారంట. వాళ్లని దొంగలన్నారు. ఎందుకు?" అని అడిగింది. అప్పటికి ఏదో సర్దిచెప్పి పంపాం. ఆ జవాబు చాలదని మాకే తెలుసు. ఈ సావనీరులో దాన్ని పూర్తి చేద్దామని కూర్చున్నాం.

గడ్డిమైదానం నుంచి సింహాసనం దాకా

చైనాకు ఉత్తరాన ఉన్న గడ్డిమైదానాలు మంగోలుల నేల. గుర్రాలు, గొర్రెలు, ఒంటెలు వాళ్ల ఆస్తి. ఉన్నితో చేసిన గుడారం వాళ్ల ఇల్లు. ఒకచోట గడ్డి అయిపోతే గుడారం విప్పుకుని ఇంకోచోటికి కదిలేవాళ్లు. ఏ నెలలో ఎక్కడ నీళ్లుంటాయో, ఏ లోయలో చలిగాలి తగలదో తెలిసినవాళ్లే అక్కడ బతకగలరు. తిరగడం వెనక అంత లెక్క ఉంది.

1162 ప్రాంతంలో అక్కడ తెముజిన్ పుట్టాడు. తొమ్మిదేళ్ల వయసులో అతని తండ్రిని శత్రువులు విషం పెట్టి చంపారు. సొంత తెగవాళ్లే ఆ తల్లినీ పిల్లల్నీ వదిలేసి వెళ్లిపోయారు. తల్లి దుంపలు తవ్వి, కాయలు ఏరి పిల్లల్ని సాకింది. ఆ పిల్లవాడే పెరిగి, తమలో తాము కొట్టుకునే తెగలను ఒక్కటి చేశాడు. 1206లో ఓనోన్ నది దగ్గర పెద్దల సభ అతన్ని చెంగిజ్ ఖాన్‌గా ఎన్నుకుంది.

అతని బలం గుర్రాలొక్కటే కాదు. సైన్యాన్ని పది, వంద, వెయ్యి, పదివేల మంది దళాలుగా కట్టాడు. ఒకే తెగవాళ్లను ఒకేచోట ఉంచకుండా కలిపేశాడు. పుట్టుక కన్నా పనితనం చూసి పదవులిచ్చాడు. 1215లో నేటి బీజింగ్ ఉన్నచోటి రాజధాని, ఆ తర్వాత మధ్య ఆసియా నగరాలు అతని వశమయ్యాయి. 1227లో అతను చనిపోయాక కూడా దండయాత్రలు ఆగలేదు. మనవడు హులగు 1258లో బాగ్దాద్‌ను పట్టుకున్నాడు. మరో మనవడు కుబ్లాయ్ ఖాన్ 1279 నాటికి చైనా మొత్తాన్ని గెలిచాడు. అక్కడ వాళ్ల పాలన 1368 దాకా సాగింది.

ఇది చదివి ఊరికే మురిసిపోవద్దు. మెర్వ్, నిషాపూర్ వంటి నగరాల్లో మంగోలులు జనాన్ని ఊచకోత కోశారు. దాన్ని గొప్పతనం అనలేం. వాళ్ల నుంచి తెలుసుకోవాల్సింది వేరే ఉంది. రాజ్యమంతటా దారుల వెంట మజిలీలు పెట్టారు. అక్కడ మార్చుకోవడానికి గుర్రాలు, తినడానికి తిండి సిద్ధంగా ఉండేవి. ఖాన్ ఇచ్చిన లోహపు బిళ్ల చేతిలో ఉంటే మనిషి వేల మైళ్లు నిర్భయంగా పోగలిగేవాడు. కుబ్లాయ్ దగ్గర కొలువు చేసిన మార్కోపోలో తిరుగు ప్రయాణపు కథల్లో మన మోటుపల్లి రేవు గురించీ రాశాడు. అక్కడి వజ్రాలను, సన్నని నూలు బట్టలను, ఆ దేశాన్ని న్యాయంగా ఏలిన రాణిని మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు చెబుతారు.

మనవాళ్ల దారులు

బాబర్ తల్లి చెంగిజ్ ఖాన్ వంశంలో పుట్టింది. 1526లో అతను మొదలుపెట్టిన మొఘల్ రాజ్యంలో సైన్యాలకు ధాన్యం మోసింది ఎవరు? బంజారాలు. మన సీమలో సుగాలీలనేది వాళ్లనే. వేల ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని తండాలు తండాలుగా నడిచేవాళ్లు. 1791, 92లలో కార్న్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లినప్పుడు కంపెనీ సైన్యం కూడా వాళ్ల ఎడ్ల మీదే ఆధారపడింది.

ఎరుకలవాళ్ల దారి కోస్తా నుంచి మెట్ట ప్రాంతాలకు. ఉప్పు కొఠార్ల దగ్గర ఉప్పు కొని గాడిదల మీద, పెరికె ఎడ్ల మీద లోపలి ఊళ్లకు చేర్చేవాళ్లు. బదులుగా ధాన్యం తెచ్చుకునేవాళ్లు. 'ఉప్పు ఎరుకల' అనే పేరు ఆ పని వల్ల వచ్చిందే. మన నాయుడుపేట అటు సముద్రానికీ ఇటు సీమకూ నడుమ ఉంది. బండి బాట సరిగా లేని రోజుల్లో ఇలాంటి ప్రాంతాల్లో ఊరికీ ఊరికీ సరుకు కలిపింది మనలాంటి వాళ్ల కాళ్లే.

ఆ బతుకును దెబ్బలు వరసగా తగిలాయి. 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు వ్యాపారం కంపెనీ గుత్తకు పోయింది. తర్వాత రైలు వచ్చింది. వంద గాడిదలు నెల రోజులు మోసే ఉప్పును ఒక్క పెట్టె ఒక్క పూటలో మోసింది. 1876-78 ధాత కరువులో గింజలూ లేవు, పశువులూ మిగల్లేదు. పని పోయినా తిరగడం ఆగలేదు, ఎందుకంటే ఆగి దున్నుకోవడానికి భూమి లేదు. అప్పుడు తిరగడమే నేరమైంది.

బిళ్ల, చీటీ

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. మనిషి ఏ నేరమూ చేయకపోయినా, ఆ జాతిలో పుడితే చాలు, పేరు రిజిస్టరుకెక్కేది. వేలిముద్రలు తీసేవాళ్లు. హాజరు పిలుపుకు వచ్చి నిలబడాలి. మన నెల్లూరు వైపు బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలో, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సెటిల్‌మెంట్లు పెట్టారు. అక్కడి నుంచి బయటికి పోవాలంటే చీటీ కావాలి.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మంగోలు బిళ్ల 'ఇతన్ని పోనివ్వండి' అంది. మనవాళ్ల చేతి చీటీ 'ఇతన్ని దాటనివ్వొద్దు' అంది. తిరగడం రెండుచోట్లా ఒక్కటే. అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే తేడా. ఆ అమ్మాయి ప్రశ్నకు మా జవాబు ఇదే.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. కానీ చట్టం పోయినంత తొందరగా మాట పోలేదు. కాలేజీలో చేరేటప్పుడు కులం పేరు అడిగితే గొంతు తగ్గించే పిల్లల్ని మేము ఇప్పటికీ చూస్తున్నాం.

ఇక మన వంతు

మంగోలులు చేసిన ఒక పని మనం కూడా చేయగలం. వాళ్లకు లిపి లేదు. చెంగిజ్ ఖాన్ ఉయిఘర్ల లిపిని తెచ్చి తన భాషకు పెట్టించాడు. అతను పోయిన కొన్నేళ్లకే 'మంగోలుల రహస్య చరిత్ర' అనే పుస్తకం వాళ్ల భాషలోనే పుట్టింది. ఆకలి రోజులూ, తెముజిన్ సవతి సోదరుణ్ణి చంపిన పాపమూ అందులో దాచకుండా ఉన్నాయి. తమ మంచీ చెడూ తామే రాసుకున్నారు.

మన గురించి రాసింది ఎక్కువగా పోలీసులు, దొరలు. ఎరుకలవాళ్ల కుర్రు భాషకూ, సుగాలీల గోర్ బోలికీ సొంత లిపి లేదనేది సాకు కాదు. తెలుగు అక్షరాలున్నాయి, మీ చేతిలో ఫోను ఉంది. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అవ్వ పక్కన కూర్చోండి. మీ వాళ్లు ఏ దారిన నడిచారు, ఏ ఊళ్లో ఆగారు, ఏం మోశారు, ఏం అమ్మారు అని అడగండి. ఆమె మాటల్లోనే రికార్డు చేయండి, ఆ తర్వాత రాయండి. సిగ్గనిపించిన సంగతి కూడా వదలొద్దు. యానాది, ఎరుకల, సుగాలి అనే తేడా లేకుండా తెచ్చి మా చేతికివ్వండి. ఒక నోటు పుస్తకం తెరిచి పెట్టాం. మొదటి పేజీలో ఆ అమ్మాయి ప్రశ్న రాశాం. మిగతా పేజీలు మీవే.