నల్లరేగడిలో పట్నాలు: కోవిల్‌పట్టి, విరుదునగర్ సీమ తెలుగువారు

1904లో ఎట్టయాపురం సంస్థానంవారు సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో అచ్చు వేయించారు. సంగీతం చదువుకొన్నవారికి ఈ గ్రంథాన్ని పరిచయం చేయనక్కరలేదు. అయితే ఎట్టయాపురం ఎక్కడున్నదని అడిగితే మన విద్యార్థులు చాలామంది తడుముకుంటారు. అది కోస్తాలోనిదీ కాదు, రాయలసీమలోనిదీ కాదు. తమిళనాడు దక్షిణ కొసన, కోవిల్‌పట్టికి తూర్పున సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. అక్కడి పాలెగాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకులు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇళ్లు నేటికీ ఉన్నాయి. ఆ గ్రంథం తెరిచి చదవగల ఇల్లు మాత్రం దొరకడం కష్టం. ఈ మార్పు ఎలా వచ్చిందో పరిశీలించడమే మా ఉద్దేశం.

విజయనగర కాలంలోనూ, ఆ తరువాత మధుర నాయకుల కాలంలోనూ (1529–1736) తెలుగువారు అనేక విడతలుగా ఈ సీమకు వచ్చారు. కమ్మవారు, రెడ్లు, కంబళత్తువారు, రాజులు, దేవాంగులు, అరుంధతీయులు ఇలా వచ్చినవారే. వీరిలో సేద్యగాళ్లు ఎక్కువగా నల్లరేగడిని చూసి ఆగారు. తమిళంలో దీన్ని ‘కరిసల్’ అంటారు. వాన కురిస్తే పంట, కురవకపోతే పస్తు. పత్తి, జొన్న, సజ్జ తప్ప మరొకటి పెద్దగా పండని నేల. అనంతపురం, కర్నూలు జిల్లాల విద్యార్థులకు ఈ వర్ణన కొత్త కాదు.

ఈ నేలను లోకంతో కలిపింది పత్తి. 1861–65 మధ్య అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఇంగ్లండుకు రాకపోవడంతో ఇక్కడి పత్తికి గిరాకీ పెరిగింది. విదేశీ వర్తకులు దీన్ని ‘టిన్నెవెల్లీస్’ అనే పేరుతో కొనేవారు. 1876లో మధుర నుంచి తూత్తుకుడి రేవుకు రైలు పడింది. ఆ దారిలో విరుదుపట్టి, సాత్తూరు, కోవిల్‌పట్టి స్టేషన్లయ్యాయి. ఎట్టయాపురం పక్కన ఉండిపోయింది. ఆస్థానం ఉన్న ఊరు వెనకబడి, స్టేషన్ ఉన్న ఊరు ముందుకు రావడం అప్పుడే మొదలైందని మేము భావిస్తున్నాము. హార్వీ సోదరుల నూలు మిల్లులు పాపనాశం, తూత్తుకుడి, మధురలలో వెలిశాయి. 1901లో కోవిల్‌పట్టిలో ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన క్షేత్రం ఏర్పడింది. ఈ సీమ ‘కరుంగణ్ణి’ పత్తిని మెరుగుపరచింది అక్కడే.

పత్తి పండించినవారిలో తెలుగు రైతులు చాలామందే. దాన్ని కొని, బేళ్లు కట్టి, అమ్మిన చేతులు మాత్రం ఎక్కువగా వేరు. విరుదుపట్టి (1923 నుంచి విరుదునగర్) కథ ఇక్కడే ఆసక్తికరం. తాటిచెట్టును నమ్ముకొని బతికి, గుడిలోకి రానివ్వని అవమానాన్ని భరించిన నాడార్లు ఈ ఊరిని గొప్ప సంతగా తీర్చిదిద్దారు. చేసే వ్యాపారంలో ఇంత అని తీసి ‘మగమై’ అనే ఉమ్మడి నిధిలో వేసుకొన్నారు. ఆ నిధితో 1889లో క్షత్రియ విద్యాశాల పెట్టారు. మూటకు కొద్దిపాటి సొమ్ము తీసి బడి కట్టడమన్నది చూడటానికి చిన్న సంగతి. కానీ పట్నం సామాజిక ప్రగతికి ఎలా దారితీస్తుందో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు. తరువాత మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి (1954–63) అయి పల్లెపల్లెకూ బడిని, మధ్యాహ్న భోజనాన్ని తీసుకుపోయిన కామరాజు పుట్టింది ఈ ఊళ్లోనే (1903). భూమిని నమ్ముకొన్న మన రైతు కులాలు ఈ ప్రాంతంలో అటువంటి ఉమ్మడి పూనిక అంత త్వరగా చూపలేదు. భూమి ఉన్నవాడికి తొందర ఏముంటుంది?

అలాగని తెలుగువారు పరిశ్రమకు దూరంగా ఉండలేదు. కోయంబత్తూరులో 1910లో లక్ష్మీ మిల్లు స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడు కుటుంబపు మిల్లు కోవిల్‌పట్టిలోనూ నడిచింది. నేటి విరుదునగర్ జిల్లాలోని రాజపాళయంలో తెలుగు రాజుల కుటుంబానికి చెందిన పి.ఎ.సి. రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్లు పెట్టారు. అదే ఊరివాడైన పి.ఎస్. కుమారస్వామి రాజా 1949 నుంచి 1952 వరకు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నారు. సంపదా వచ్చింది, పదవీ వచ్చింది. తెలుగు మాత్రం వంటింటికి, పెళ్లి పందిటికి పరిమితమైంది. మిల్లు లెక్కలు, బడి పుస్తకం, కోర్టు కాగితం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉండగా, అక్షరానికి ఉపయోగం పోయింది.

భూమి లేనివారి మాట వేరు. అరుంధతీయులు కూడా చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఈ సంగతిని మన వ్యాసకర్తలు తరచు మరచిపోతారు. బావులున్న చోట మోటకు కావలసిన తోలు బానను కుట్టి, బాగుచేసి, అందుకు పంటలో వాటా పొందడం వారి వృత్తి. 1944లో పాపనాశం జలవిద్యుత్తు వచ్చింది. తరువాతి దశాబ్దాల్లో పంపుసెట్లు పల్లెలకు పాకాయి. రైతుకు అది వరమే. తోలు కుట్టేవాడికి పని పోయింది. పట్నం వారిలో చాలామందికి ఇచ్చిన కొలువు మునిసిపాలిటీ చీపురు.

మరొక కొలువు అగ్గిపెట్టె. 1922లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి, అగ్గిపుల్లల తయారీ నేర్చుకొని వచ్చారు. ఎండిన గాలి, పని దొరకని చేతులు, ఈ రెండూ ఆ పరిశ్రమకు కలిసొచ్చాయి. సాత్తూరు, కోవిల్‌పట్టి దాకా అది విస్తరించింది. కరువు ఏట పల్లెను నిలబెట్టిందీ అదే, తెల్లవారకముందే పిల్లలను బస్సు ఎక్కించిందీ అదే. చట్రాల్లో పుల్లలు పేర్చిన ఆ చిన్న వేళ్లలో ఆడపిల్లలవే ఎక్కువ. 1986లో బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం వచ్చింది. 1996లో సుప్రీంకోర్టు శివకాశి కేసులో పిల్లవాడికి ఇరవై వేల రూపాయల వంతున యజమాని చెల్లించాలని తీర్పిచ్చింది. పద్నాలుగేళ్లపాటు రూపాయిగానే ఉండిన అగ్గిపెట్టె ధర 2021 డిసెంబరులో రెండు రూపాయలయింది. కూలి ఎంత చౌకగా ఉంటే ఆ ధర అంతకాలం నిలిచిందో ఊహించుకోవచ్చు.

కాబట్టి పట్నం మన భాషను మింగేసిందని ఒక్క మాటలో తేల్చివేయడానికి మేము వెనుకాడుతున్నాము. ఎట్టయాపురంలో తెలుగు పుస్తకం అచ్చయిన రోజుల్లో తోలు బాన కుట్టిన తెలుగువాడికి ఓనమాలు చెప్పినవారు లేరు. అతని మనుమలకు మొదటి అక్షరం ఇచ్చింది తమిళ బడి. 2009లో తమిళనాడు ప్రభుత్వం అరుంధతీయులకు మూడు శాతం ఉపకోటా కేటాయించింది, 2024లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కాలేజీలోకి, ఉద్యోగంలోకి వారు పోతున్న దారి ఇది. ఈ దారిలో తెలుగు లిపి ఎక్కడా తగలదు.

కోవిల్‌పట్టి పక్కనే ఉన్న ఇడైసెవల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ (మరణం 2021) ఈ వలస కథనే ‘గోపల్ల గ్రామం’ (1976) నవలగా రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రెండూ తమిళంలోనే. ఆయన కరిసల్ సీమ మాటలకు నిఘంటువు కూడా కూర్చారు. అదీ తమిళమే. అక్కడి తెలుగు మాటలకు అటువంటి పని జరగవలసి ఉన్నది. మోట తోలిన కాలం 1950, 60 దశకాలతో చాలాచోట్ల ముగిసింది. అంటే బాన, మోకు, కప్పీ పేర్లను ఆ సీమ తెలుగులో చెప్పగలవారు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు దాటినవారు. మీలో ఆ వైపు బంధువులున్నవారు సెలవులకు వెళ్లినప్పుడు నోటుపుస్తకం తీసుకువెళ్లండి. ముందు అరుంధతీయుల వీధికి వెళ్లండి.