ఫుల్ స్టీమ్ అహెడ్ – బాయిలర్ దగ్గర పుట్టిన మాట

"ఫుల్ స్టీమ్ అహెడ్" అనే ఇంగ్లీషు మాట మీలో చాలామంది వినే ఉంటారు. పని ఆగకుండా, మంచి జోరు మీద ముందుకు పోతోందని దాని అర్థం. అలాంటప్పుడు మనం "మూడు పువ్వులు ఆరు కాయలు" అంటాం. మన మాట చెట్టు మీద పుట్టింది. వాళ్ళ మాట ఓడ అడుగున, బాయిలర్ దగ్గర పుట్టింది.

19వ శతాబ్దంలో ఆవిరి ఓడలు వచ్చాయి. బొగ్గు మండించి, నీళ్ళు మరిగించి, ఆ ఆవిరితో ఇంజన్ తిప్పేవాళ్ళు. కెప్టెన్ ఉండేది పైన, ఇంజన్ ఉండేది కింద. కేక వేస్తే వినపడదు కదా! అందుకని గంట కొట్టి చెప్పేవాళ్ళు. తర్వాత గడియారం లాంటి ఇత్తడి డయల్ వచ్చింది. దాని మీద స్టాప్, స్లో, హాఫ్, ఫుల్ అని రాసి ఉండేది. పైన పిడి ఫుల్ మీదికి తిప్పితే కింద గంట మోగి, అక్కడి ముల్లూ తిరిగేది. ఉన్న ఆవిరంతా వదిలి ముందుకు పోనివ్వమని దానర్థం. ఓడల్లో ఇచ్చిన ఆ ఆర్డరే తర్వాత మామూలు మాటల్లోకి వచ్చేసింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆర్డర్ ఇచ్చేది పైన చల్లగాలిలో. సెగ తగిలేది కింద పారతో బొగ్గు ఎగదోసేవాడికి.

1865 ఏప్రిల్‌లో అమెరికాలో మిసిసిపి నది మీద సుల్తానా అనే ఓడ ఉండేది. అంతర్యుద్ధం అప్పుడే ముగుస్తోంది. శత్రువుల చెర నుంచి విడుదలైన సైనికుల్ని ఇంటికి చేర్చాలి, తలకింత అని ప్రభుత్వం కిరాయి ఇస్తుంది. విక్స్‌బర్గ్ రేవులో చూస్తే ఒక బాయిలర్ కారుతోంది. సరిగ్గా బాగుచెయ్యాలంటే కొన్ని రోజులు ఆగాలి. ఆగితే ఆ బేరం వేరే ఓడకి పోతుంది. అతుకు వేయించి బయల్దేరారు. ఎక్కించుకోవాల్సింది 376 మందిని, ఎక్కించింది 2,000 మందికి పైగా. నది వరద మీద ఉంది, ఓడ ఎదురు పోవాలి. ఏప్రిల్ 27 తెల్లవారుజామున మెంఫిస్ దాటాక, ఉన్న నాలుగు బాయిలర్లలో మూడు పేలిపోయాయి. 1,100 మందికి పైగా చనిపోయారు. యుద్ధంలో బతికి, చెరలో బతికి, ఇంటిదారిలో పోయారు పాపం.

ఇది మనకెందుకంటారా? "పోయినేడు మిర్చికి రేటొచ్చింది, ఈసారి ఇంకో నాలుగెకరాలు కౌలుకి పట్టు" అనేవాళ్ళు మన చుట్టూ ఉంటారు. వాళ్ళు చెడ్డోళ్ళని కాదు, కానీ వాళ్ళున్నది పైన. బోరు ఎన్ని గంటలు పోస్తోంది, పాత బాకీ ఎంత మిగిలింది, కోతకి కూలీలు దొరుకుతారా అన్నది కింద ఉన్న మనకే తెలుసు.

జోరుగా పోవద్దని నేననను. సీజన్ మనకోసం ఆగదు కూడా. కాకపోతే ఎకరాలు పెంచేముందు, ఎక్కడ అతుకు వేసి నెట్టుకొస్తున్నామో ఒకసారి చూసుకుందాం.