చేతులు మారిన పెద్ద కారు

గోదావరి ఎడమ గట్టున, భద్రాచలానికి ఎగువన, అడవి అంచున ఉన్న దుమ్ముగూడెం పేరు చెప్పగానే చాలామందికి పర్ణశాల త్రోవ జ్ఞప్తికి వస్తుంది. చరిత్ర చదివినవారికి అక్కడి ఆనకట్ట కూడా జ్ఞప్తికి రావలెను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన పిమ్మట, సర్ ఆర్థర్ కాటన్ గోదావరిని పడవల రాజమార్గం చేయవలెనని తలపెట్టినాడు. నాగపూరు, బేరారు సీమల ప్రత్తి నదిమీదుగా కోస్తాకు దిగిరావలెనని ఆయన ఆశ. దుమ్ముగూడెం వద్ద పడవలకు అడ్డుపడే రాతి పట్టును తప్పించడానికి హెయిగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో ఆనకట్ట, పడవల కాలువ, లాకులు నిర్మించినారు. 1867లో బొంబాయి నుండి నాగపూరుకు రైలు వచ్చినది, ప్రత్తి రైలెక్కినది. ఏడాది పొడుగునా లోతు నిలువని నదిలో మిగిలిన పనులకయ్యే వ్యయానికి, వచ్చే రాబడికి పొంతన కుదరలేదు. 1871లో ప్రభుత్వం ఆ పథకాన్ని నిలిపివేసినది.

ఘనమైన దానిని సంపాదించడం ఒక ఎత్తు, దానిని పోషించుకొనడం మరొక ఎత్తు. ఈ సత్యాన్ని పడవల కాలువకంటె మన ఇండ్లకు దగ్గరగా ఉన్న మరొక విషయంలో పరిశీలింపదలచినాము. అది ఒకరు వాడగా మరొకరు కొన్న ఖరీదైన పెద్ద కారు.

1860 ఒడంబడికతో దుమ్ముగూడెం వైపు తాలూకాలు ఆంగ్లేయుల వశమైనవి. నదికి ఆవలి గట్టు 1948 దాకా నిజాం రాజ్యమే. తెలుగుదేశంలో పెద్ద కార్ల కథ చెప్పవలెనన్న ఆ ఆవలి రాజ్యపు రాజధానికే పోవలెను. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ సంస్థవారి సిల్వర్ ఘోస్ట్ కారు కావలెనని కోరినాడు. అది చేతికందక ముందే 1911 ఆగస్టులో ఆయన కాలధర్మం చెందినాడు. లండనులోని బార్కర్ కంపెనీవారు పసుపు వన్నె తొడుగుతో, సింహాసనం వంటి ఆసనంతో తీర్చిన ఆ వాహనం కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు చెందినది. కోరినవారు ఒకరు, పొందినవారు మరొకరు! ఉత్సవ సమయాలలో తప్ప బయటికి రాని ఆ కారు మిక్కిలి కొద్ది మైళ్ళు మాత్రమే తిరిగినది. నేడది చౌమహల్లా ప్రాసాదంలో ప్రదర్శన వస్తువు.

1937లో అమెరికాలోని టైమ్ పత్రిక ఉస్మాన్ అలీ ఖాన్ చిత్రాన్ని ముఖపత్రంగా ప్రకటించి, ప్రపంచంలో అత్యంత ధనికుడని వర్ణించినది. 1967 ఫిబ్రవరిలో ఆయన మరణించగా, మనుమడు ముకర్రం జా వారసుడైనాడు. అప్పటి కార్ల శాల స్థితిని చరిత్రకారుడు విలియమ్ డాల్‌రింపుల్ వర్ణించినాడు. శాలలో 60 కార్లుండగా నడిచే స్థితిలో ఉన్నవి 4 మాత్రమే. పెట్రోలుకు, విడిభాగాలకు లెక్కలో వ్యయం మాత్రం ధారాళంగా సాగుతూనే ఉన్నది. పట్టాభిషేకం నాడు కొత్త ప్రభువును తీసుకొని పోవలసిన కారే మొరాయించినదట.

అంతటి సంపద గల ఇంట ఇట్లేల జరిగినది? కారు నిలిచి ఉన్నను అరుగుతూనే ఉంటుంది. టైర్ల రబ్బరు గట్టిపడి పగులుతుంది. బ్యాటరీ చచ్చిపోతుంది. కార్బురేటరులో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగురుగా పేరుకొంటుంది. బ్రేకు సిలిండర్లకు త్రుప్పు పడుతుంది. గుఱ్ఱానికి దాణా వేయకపోతే మరునాడే సకిలించి తెలుపుతుంది. కారు మాత్రం మౌనంగా చెడిపోతుంది. దానిని తిరిగి నిలబెట్టవలెనన్న విడిభాగం సముద్రం దాటి రావలెను.

సామాన్యుల పక్షాన కథ మరొక రీతిగా నడిచినది. 1948లో మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దుకు చట్టం వచ్చినది. 1949లో హైదరాబాదులో జాగీర్లు రద్దయినవి. పెద్ద ఇండ్ల ముంగిళ్ళలోని బ్యూక్కులు, షెవర్లేలు చేతులు మారసాగినవి. అదే కాలంలో ప్రభుత్వం స్వదేశీ తయారీకి ప్రాధాన్యమిచ్చి దిగుమతులను బిగించగా, 1954 నాటికి ఫోర్డు, జనరల్ మోటార్స్ సంస్థలు మన దేశంలో కార్ల కూర్పు మానుకొన్నవి. హిందుస్థాన్, ప్రీమియర్, స్టాండర్డు కార్ఖానాల చిన్న కార్లకు సైతం ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చేది. పెద్ద కారు కావలెనన్న వాడిన దానిని వెదకవలసినదే. విదేశ రాయబారులు వాడిన కార్లు 1956లో ఏర్పడిన స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషను ద్వారా అమ్మకానికి వచ్చేవి. వాటిని కొన్నవారికి భాగం దొరకనపుడు ఊరి మేస్త్రియే దిక్కు. ఆయన లేతు మిషనుమీద భాగాన్ని తరిమి ఇచ్చేవాడు. పెట్రోలు భారం మోయలేనివారికి డీజిలు ఇంజను అమర్చేవాడు. తుదకు అనేక కార్లు పెండ్లి ఊరేగింపుల అద్దె బండ్లుగా జీవితం చాలించినవి.

ఇక దుమ్ముగూడెం వంటి చోట్ల రోడ్డే కారు యోగ్యతను నిర్ణయించేది. రైలు దిగే స్టేషనుకు భద్రాచలం రోడ్డు అని పేరు. స్టేషను ఉన్నది మాత్రం నదికి ఇవతల కొత్తగూడెంలో. 1960వ దశకంలో భద్రాచలం వద్ద వంతెన ఏర్పడే దాకా నది దాటడానికి పడవలే శరణ్యం. వాగులు పొంగే అడవి దారులలో నేలకు దగ్గరగా ఉండే బరువైన కారుకంటె, ఎత్తైన జీపే అక్కరకు వచ్చేది. ఘనతకు కొలమానం ఊరినిబట్టి మారుతుంది.

1993లో కార్ల తయారీకి లైసెన్సు నిర్బంధం తొలగినది. 1995 నుండి పూనాలో మెర్సిడిస్ బెంజి కార్లు కూర్పబడుతున్నవి. నేడు సంస్థల అధికారులు కొద్ది సంవత్సరాలు వాడి వదలిన ఇట్టి కార్లు కొత్త చిన్న కారు ధరకే దొరకడం కలదు. ఆకర్షణ సహజమే. కాని ఒక సూక్ష్మం గమనింపవలెను. కారు ధర ఏటేటా దిగుతుంది. దాని విడిభాగం ధర దిగదు. కొన్న ధర చిన్న కారుదైనను, గేరుబాక్సు చెడిన నాడు చెల్లించవలసినది పెద్ద కారు మూల్యమే. మరమ్మతు చేయగల కార్ఖానా నగరంలో ఉంటుంది. అడవి అంచున ఆగిన కారును లారీమీద ఎక్కించి అంత దూరం పంపవలెను.

కావున కొనదలచినవారు ఇంజను చల్లగా ఉన్నపుడే నడిపించి చూడవలెను. నమ్మకమైన మేస్త్రిచేత అడుగుభాగం పరీక్ష చేయించవలెను. సర్వీసు చరిత్ర, అప్పు బకాయి, బీమా పత్రాలు సరిచూడవలెను. ఒకే రాష్ట్రంలో అమ్మకమైనపుడు అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయవలెనని 1988 మోటారు వాహనాల చట్టం నిర్దేశిస్తున్నది. పేరు మారకపోతే ప్రమాద పరిహారపు భారం రికార్డులో పేరున్న పాత యజమానిపైననే పడునని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అన్నిటికి మించి, కొన్న ధరకు తోడుగా మరమ్మతులకు కొంత ధనాన్ని వేరుగా కట్టి ఉంచవలెను. అట్లు ఉంచలేనివారికి ఆ కారు చవక కాదు.

వాడిన పెద్ద కారును కొనరాదని మా అభిప్రాయం కాదు. జాగ్రత్తగా పోషించిన పాత కారు అందించే సుఖం, దానిని చూచుకొనే ముచ్చట నిజమైనవి. అయితే ఏనుగును కొనేవారు అంకుశాన్ని, మావటిని, మేతను ముందుగా లెక్కించుకొనడం మన పెద్దల రీతి. ఇంటి ఆదాయం, ఊరి రోడ్డు, అందుబాటులోని మేస్త్రి, ఈ మూడూ ఒప్పుకొన్నపుడే పెద్ద కారు ఇంటికి శోభ తెస్తుంది.